నాన్నగారి వినికిడి యంత్రం పదకొండు రోజులు ఎక్కడుంది

మా నాన్నగారికి ఎనభై మూడేళ్లు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవికి యంత్రం పెట్టుకుంటేనే మాట అందుతుంది. ఆ యంత్రం పాడైతే బాగుచేయించడానికి హైదరాబాద్‌లోని సర్వీస్ సెంటర్‌కు పంపించాము. వాళ్లు చెప్పిన గడువులోనే బాగుచేసి, ఒక సోమవారం సాయంత్రం ప్రైవేటు కొరియర్‌లో తిరిగి పంపించారు. బుధవారానికి, మహా అయితే గురువారానికి అందుతుందన్నారు. మేముండేది తణుకు దగ్గర ఒక పల్లెటూరు కాబట్టి ఇంకో రోజు అటూ ఇటూ అవుతుందనుకున్నాను. అది నా చేతికి వచ్చింది ఆ పై వారం శుక్రవారం నాడు.

ఆ పదకొండు రోజులూ ఇంట్లో నాన్నగారితో మాట్లాడటానికి నేను బడిపిల్లల పలకను వాడాను. అన్నానికి రమ్మనాలన్నా, మందు వేసుకున్నారా అని అడగాలన్నా పలక మీద రాసి చూపించాలి. ఆయన పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని వీధి వైపు చూస్తూ కూర్చునేవారు. మోటారు సైకిళ్ల చప్పుడు వినిపించదు కనుక ఏ బండి మలుపు తిరిగినా తల ఎత్తి చూసేవారు. సాయంత్రం నేను బడి నుంచి రాగానే, నేను చెప్పులు విప్పకముందే, చేయి తిప్పి "వచ్చిందా?" అన్నట్టు అడిగేవారు. ఆలస్యమైన పార్సిల్ గురించి నేను ఇంత పట్టుదలగా తెలుసుకోవడానికి కారణం ఆ సైగే. ఆ పదకొండు రోజుల్లో నేను చేసిన పొరపాట్లూ, తర్వాత నేర్చుకున్న విషయాలూ ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఎవరో ఒకరు ఇలాంటి పార్సిల్ కోసమే ఎదురుచూస్తూ ఉంటారని నా నమ్మకం.

మొదటి మూడు రోజులూ ట్రాకింగ్ సవ్యంగానే కనిపించింది. సోమవారం రాత్రి హైదరాబాద్‌లో బుక్ అయింది, మంగళవారం అక్కడి నుంచి బయలుదేరింది, బుధవారం తెల్లవారుజామున విజయవాడ హబ్‌కు, అంటే పార్సిళ్లను ఊళ్లవారీగా వేరుచేసే కేంద్రానికి, చేరింది. ఆ తర్వాత శనివారం దాకా ఒకే మాట: "దారిలో ఉంది". శనివారం మధ్యాహ్నం కొత్త వరుస వచ్చింది: "బట్వాడాకు ప్రయత్నించాము, తలుపుకు తాళం వేసి ఉంది". మరుసటి సోమవారం మళ్లీ అదే. పొద్దున్నించి పొద్దుపోయేదాకా వరండాలో మనిషి కూర్చుని ఉన్న ఇంటికి తాళం వేసి ఉందని రాశారంటే నాకు ఎంత కోపం వచ్చి ఉంటుందో చెప్పనక్కర్లేదు. కస్టమర్ కేర్‌కు రోజుకు రెండుసార్లు ఫోన్ చేశాను. ఎవరు ఎత్తినా మర్యాదగానే మాట్లాడారు, ఎవరు ఎత్తినా "నలభై ఎనిమిది గంటల్లో అందుతుంది" అనే చెప్పారు. నేను చూస్తున్న తెరనే వాళ్లూ చూస్తున్నారనీ, అందులో నాకు కనిపించనిది వాళ్లకూ పెద్దగా కనిపించదనీ అప్పటికి నాకు తోచలేదు.

దారి చూపించింది మా వీధిలోనే ఉండే ఒక బాబాయిగారు. ఆయన రైల్వే మెయిల్ సర్వీసులో, అంటే ఆర్.ఎం.ఎస్.లో, పనిచేసి రిటైరయ్యారు. రాత్రంతా పరుగెత్తే రైలు పెట్టెలో నిలబడి, గోడకు ఉండే గూళ్లలో ఉత్తరాలు ఊరూరికీ వేరుచేసిన మనిషి. తొమ్మిదో రోజు సాయంత్రం నా ఫోన్ తీసుకుని ఆ వరుసలన్నీ రెండుసార్లు చదివి, "అమ్మాయ్, పార్సిల్ ఎక్కడుందని అడగకు. సంచి చివరిసారి ఎక్కడ విప్పారో అడుగు" అన్నారు.

ఆ ఒక్క మాటతో విషయం మొత్తం నాకు వేరేగా కనిపించింది. మనం పంపిన వస్తువు ఒంటరిగా ప్రయాణం చేయదు. బుక్ చేసిన చోట దాని మీద చీటీ అంటించి, ఒకే దిక్కుకు పోయే మరి కొన్నింటితో కలిపి సంచిలో వేసి, మూతి బిగించి, ఆ సంచికి ఒక నంబరు ఇస్తారు. అక్కడి నుంచి లారీ ఎక్కేదీ దిగేదీ సంచే. హబ్‌లో ఆ సంచి నంబరును స్కాన్ చేస్తే లోపల ఉన్న అన్నిటికీ "చేరింది" అని నమోదవుతుంది. ఎవరూ ఒక్కొక్క దాన్నీ తీసి చూడరు. సంచి విప్పి, వస్తువులను విడివిడిగా స్కాన్ చేసి, మళ్లీ చిన్న చిన్న ప్రాంతాలకు వేరు చేసినప్పుడే మన పార్సిల్‌ను మనిషి చేయి తాకినట్టు. విప్పని సంచి హబ్‌లో ఒక మూల రెండు రోజులు పడి ఉన్నా, ఒక సంచిలో వేయాల్సింది పక్క సంచిలో పడి వేరే ఊరికి పోయినా, తెర మీద మనకు కనిపించేది "దారిలో ఉంది" అనే మాటే. అందుకని ఆలస్యమైనప్పుడు మొదట చూడవలసింది చివరి వరుసలోని మాటను కాదు. చివరి రెండు స్కాన్‌ల మధ్య ఎంత సమయం గడిచింది, ఆ రెండిటి మధ్య మామూలుగా పట్టే ప్రయాణం ఎంత అన్నది చూడాలి. విజయవాడ నుంచి తణుకుకు లారీ ప్రయాణం కొన్ని గంటలే. మా పార్సిల్ మూడు రోజులు తీసుకున్నదంటే అది రోడ్డు మీద లేదు, ఎక్కడో ఆగింది, లేదా వేరే రోడ్డు పట్టింది.

వేరే రోడ్డే పట్టింది. బాబాయిగారు చెప్పినట్టు మరునాడు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఎప్పుడొస్తుందని అడగకుండా, "శనివారం తాళం వేసి ఉందని నమోదు చేసిన బ్రాంచి ఏది, ఆ బ్రాంచి ఫోన్ నంబరు ఇవ్వండి" అని అడిగాను. ఆ అమ్మాయి ఒక్క నిమిషం ఆగి చెప్పిన బ్రాంచి తణుకుది కాదు. గోదావరి అవతల, కోనసీమలో ఉన్నది. మా ఊరి పేరుతోనే అక్కడ కూడా ఒక ఊరుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు చీటీ మీద ఊరి పేరు సరిగ్గానే రాశారు, జిల్లా కూడా రాశారు, కాని పిన్ కోడ్‌లో మొదటి మూడంకెలు 534కు బదులు 533 అని పడింది.

పిన్ కోడ్‌ను మనం చిరునామా చివర అలంకారంలా రాసే అలవాటు ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. మన దేశంలో ఈ పద్ధతిని 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టారు. దీన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వెలాంకర్ తంతి తపాలా శాఖలో ఉన్నతాధికారి, సంస్కృత కవి కూడా. ఒకే పేరుగల ఊళ్లు, ఒక్కో భాషలో ఒక్కో రకంగా రాసే పేర్లు, చదవరాని చేతిరాత, వీటన్నిటి వల్ల ఉత్తరాలు దారి తప్పుతుంటే ఆరంకెలతో పరిష్కారం చూపించారు. మొదటి అంకె తపాలా జోన్‌ను, అంటే దేశంలో ఏ ప్రాంతమో, చెబుతుంది. 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక. మొదటి రెండంకెలు చూస్తే తెలంగాణకు 50, ఆంధ్రప్రదేశ్‌కు 51 నుంచి 53 వరకు. మూడో అంకెతో కలిపి చూస్తే ఏ సార్టింగ్ జిల్లాకు పోవాలో తెలుస్తుంది. మిగిలిన మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసుకు గుర్తు. ప్రైవేటు కొరియర్లు కూడా ఈ అంకెలనే వాడుకుంటున్నాయి. కొత్తపేటలూ, కొత్తపల్లులూ, రామచంద్రాపురాలూ రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయో తలచుకుంటే ఆ ఆరంకెల విలువ తెలుస్తుంది. హబ్‌లో వేరుచేసే మనిషికైనా యంత్రానికైనా ఊరి పేరు చదివే తీరిక ఉండదు, అంకెలే చదువుతారు. అంకె తప్పైతే మిగతా చిరునామా ఎంత ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినా అది చివరి మెట్టు దాకా ఎవరి కంటా పడదు.

కోనసీమ బ్రాంచివాళ్లతో మాట్లాడితే, తిరిగి విజయవాడ హబ్‌కు పంపి అక్కడి నుంచి తణుకు పంపడానికి మరో నాలుగు రోజులైనా పడుతుందని చెప్పారు. నేను స్వయంగా వస్తే ఇస్తారా అని అడిగి, ఏ గుర్తింపు కార్డు తేవాలో కనుక్కుని, శుక్రవారం సెలవు పెట్టి బయలుదేరాను. తణుకులో బస్సెక్కితే సిద్ధాంతం ఊరి దగ్గరి వంతెన మీదుగా గోదావరి దాటి రావులపాలెం, అక్కడి నుంచి ఆటో. బ్రాంచి అంటే ఒక షట్టరు గది. ఒక గోడకు ఇనుప అరలు, నేల మీద విప్పిన సంచులు, తూకం మిషను, బల్ల మీద టేపు చుట్టలు. పార్సిళ్లు తీసుకువెళ్లే అబ్బాయికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. మా పెట్టెను పై అరలో విడిగా పెట్టి ఉంచాడు. అరచేయంత పెట్టె. దాని మీద ఒకదాని మీద ఒకటి నాలుగు చీటీలున్నాయి. పైచీటీలో మధ్య అంకెల మీద బాల్‌పెన్నుతో సున్నా చుట్టి ప్రశ్నార్థకం పెట్టి ఉంది. ఆ ప్రశ్నార్థకం పెట్టింది ఈ అబ్బాయే.

"తాళం వేసి ఉందని ఎందుకు రాశావు బాబూ?" అని అడిగాను. కోపంగా అడగాలని దారంతా అనుకుంటూ వెళ్లినదాన్ని, ఆ ప్రశ్నార్థకం చూశాక అలా అడగలేకపోయాను. అతను చెప్పిన జవాబు నేను ఊహించనిది. శనివారం ఆ ఊరు వెళ్లి నాన్నగారి పేరు అడిగితే అలాంటివాళ్లు ఎవరూ లేరన్నారట. చీటీ మీద ఉన్న ఫోన్ నంబరుకు ఆరుసార్లు చేశాడట, ఎవరూ ఎత్తలేదట. అతని ఫోన్‌లోని యాప్‌లో "చిరునామా తప్పు" అని నొక్కితే పార్సిల్ మరునాటి సంచిలోనే పంపినవాళ్లకు వెనక్కి పోతుంది. "తాళం వేసి ఉంది" అని నొక్కితే ఇంకొన్ని రోజులు బ్రాంచిలోనే ఉంటుంది. "మిషను బొమ్మ ఉందండి పెట్టె మీద. ఎవరో పెద్దాయనది అయ్యుంటుందని ఉంచానండి" అన్నాడు. నేను వారం రోజులుగా ఎవరిని తిట్టుకుంటున్నానో, ఆ మనిషి రాసిన ఆ అబద్ధపు వరుస వల్లే పార్సిల్ మాకు దక్కింది.

ఇక ఫోన్ సంగతి. చీటీ మీద ఉన్నది నాన్నగారి నంబరు. వినికిడి యంత్రం కోసం ఎదురుచూస్తున్న మనిషి ఫోన్ మోగితే ఎలా వింటారు? ఇంటికొచ్చాక ఆయన ఫోన్ తీసి చూస్తే అదే నంబరు నుంచి ఆరు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. యంత్రాన్ని బాగుచేయడానికి పంపినప్పుడు ఫారంలో ఆ నంబరు రాసింది నేనే. పార్సిల్ మీద ఎవరి పేరు ఉన్నా సరే, పగటిపూట ఫోన్ ఎత్తగలిగే మనిషి నంబరు రాయాలని అప్పటినుంచి కనిపించిన ప్రతివాళ్లకూ చెబుతున్నాను. కొడుకులూ కూతుళ్లూ ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు వస్తువులు తెప్పించేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

అందరు బట్వాడా కుర్రాళ్లూ ఇతనిలా ఉంటారని నేను చెప్పడం లేదు. చాలామందికి పార్సిల్‌కు ఇంత అని లెక్క కట్టి ఇస్తారు, రోజుకు తీసుకువెళ్లవలసినవి సంచి నిండా ఉంటాయి, పెట్రోలు వాళ్లదే. చీకటి పడ్డాక దూరపు వీధిలో మిగిలిపోయినవాటిని పూర్తిచేయలేక, ఇంటికి రాకుండానే "తాళం" అనో "అందుబాటులో లేరు" అనో నొక్కేవాళ్లూ ఉన్నారు. రెండిటిలో ఏది జరిగిందో తెర చూసి తెలుసుకోలేము, మనిషితో మాట్లాడితేనే తెలుస్తుంది. అటువంటి వరుస కనిపించిన రోజే, ఒక గంటలోపే, బ్రాంచికి ఫోన్ చేయడం మంచిది. రెండు మూడు ప్రయత్నాలు నమోదైతే పార్సిల్ దానంతట అదే వెనక్కి మళ్లుతుంది, ఒకసారి మళ్లాక ఆపడం బ్రాంచివాళ్లకు కూడా కష్టం.

తపాలా శాఖ పద్ధతి వేరు కాబట్టి దాన్ని విడిగా చెప్పాలి. దేశంలో ఉన్న సుమారు 1,64,000 పోస్టాఫీసుల్లో పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. మా ఊళ్లో ఉన్నటువంటి బ్రాంచి పోస్టాఫీసుకు సంచి సబ్ పోస్టాఫీసు నుంచి రోజుకు ఒకసారే వస్తుంది, అక్కడ పనిచేసే గ్రామీణ డాక్ సేవక్ పనివేళలు నాలుగైదు గంటలే. ఆ రోజు సంచి దాటిపోయాక సబ్ పోస్టాఫీసుకు చేరిన పార్సిల్ మర్నాటి దాకా ఆగక తప్పదు, మధ్యలో ఆదివారమో పండగో వస్తే ఇంకో రోజు. దీన్ని ఆలస్యం అనడం కూడా న్యాయం కాదు. రసీదు మీద ఉండే పదమూడు అక్షరాల నంబరును చదవడం నేర్చుకుంటే కొంత స్పష్టత వస్తుంది. ముందు రెండు అక్షరాలు, మధ్య తొమ్మిది అంకెలు, చివర దేశానికి గుర్తుగా ఐ, ఎన్. ఇది ప్రపంచ తపాలా సమాఖ్య దేశాలన్నిటికీ కలిపి పెట్టిన పద్ధతి. మొదటి అక్షరం ఇ అయితే స్పీడ్ పోస్ట్, సి అయితే పార్సిల్. తొమ్మిదో అంకె మిగతా ఎనిమిదింటి నుంచి లెక్కకట్టి వచ్చేది, ఒక అంకె తప్పు కొడితే పట్టుకోవడానికి పెట్టినది. కాబట్టి నంబరు చెల్లదని వస్తే పార్సిల్ పోయిందని బెంగ పెట్టుకోకుండా ముందు రసీదును మళ్లీ చూసుకోవాలి.

స్పీడ్ పోస్ట్ 1986 ఆగస్టు 1న మొదలైంది. రిజిస్టర్డ్ పోస్టును 2025లో అందులోనే కలిపేశారు. దేశంలోపల స్పీడ్ పోస్ట్ నిర్ణీత గడువు దాటి అందితే, కట్టిన స్పీడ్ పోస్ట్ రుసుమును పరిహారంగా అడగవచ్చు. వస్తువు పోయినా, లోపలిది పాడైనా, రుసుముకు రెట్టింపు గాని వెయ్యి రూపాయలు గాని, రెండిటిలో ఏది తక్కువైతే అది ఇస్తారన్నది నిబంధన. ఇది చిన్న మొత్తమే. విలువైన వస్తువు పంపేటప్పుడు బుకింగ్ దగ్గరే బీమా చేయించడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి అర్థమవుతుంది. ప్రైవేటు కొరియర్ రసీదు వెనక చిన్న అక్షరాల్లో కూడా సాధారణంగా ఇలాంటి పరిమితే రాసి ఉంటుంది. నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ చదవలేదు. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని చదువుతున్నాను.

కొన్ని ఆలస్యాలకు ఎవరినీ నిలదీయడానికి ఉండదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, మునేరు వరదతో హైదరాబాద్, విజయవాడ మధ్య జాతీయ రహదారి తెగిపోయింది, అదే రోజున మహబూబాబాద్ దగ్గర కేసముద్రం వైపు రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. రోడ్డూ రైలూ రెండూ తెగితే కోస్తా జిల్లాలకు హైదరాబాద్ నుంచి ఏ సంచి వస్తుంది? ఆ వారంలో పార్సిల్ గురించి ఫోన్లు చేయడం కన్నా, పంపిన వస్తువు పాడయ్యేదైతే ఆ సంగతి పంపినవాళ్లతో మాట్లాడుకుని నిర్ణయం తీసుకోవడమే చేయగలిగినది.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు 2025 దసరా కూడా అలాంటిదే. 800 డాలర్ల లోపు విలువైన వస్తువులకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపును అమెరికా ప్రభుత్వం ఆగస్టు 29 నుంచి ఎత్తివేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలి అన్న ఏర్పాటు సిద్ధం కాకపోవడంతో విమానాలవాళ్లు తపాలా సంచులను తీసుకోలేదు, దాంతో మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అక్కడికి చాలా రకాల పార్సిళ్లను ఆపి, ఆ తర్వాత అన్నిటినీ ఆపవలసివచ్చింది. సుంకాన్ని బుకింగ్ దగ్గరే కట్టించుకునే పద్ధతితో అక్టోబరు 15న తిరిగి మొదలుపెట్టారు. ఈలోపు దసరా, బతుకమ్మ దాటిపోయాయి. సున్నుండలూ, కజ్జికాయలూ, ఆవకాయ సీసాలూ మూటగట్టుకుని పోస్టాఫీసు దాకా వెళ్లి తిరిగి తెచ్చుకున్న తల్లులను నేనెరుగుదును. విదేశాలకు పంపేటప్పుడు, ట్రాకింగ్‌లో మన దేశం దాటాక కొన్ని రోజులు ఏ వరుసా రాదు. విమానం దిగిన సంచి అక్కడి కస్టమ్స్ చేతి నుంచి అక్కడి తపాలా చేతికి వచ్చేదాకా స్కాన్ పడదు. ఆ మౌనం మామూలుదే. కస్టమ్స్ ఫారంలో "ఇంటి సరుకులు" అని గుండుగుత్తగా రాస్తే మాత్రం అక్కడ విప్పి చూసే అవకాశం పెరుగుతుంది. మామిడికాయ పచ్చడి ఒక కిలో, చేనేత చీర ఒకటి, విలువ ఇంత అని విడివిడిగా రాయాలి.

ఆన్‌లైన్‌లో కొన్నవాటి విషయానికొస్తే, చాలామంది చేసే పొరపాటు కొరియర్ కంపెనీతో తగువు పెట్టుకోవడం. మనం డబ్బు ఇచ్చింది అమ్మినవాళ్లకు, కొరియర్‌ను ఎంచుకున్నది వాళ్లు, జవాబు చెప్పవలసిందీ వాళ్లే. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆ వివరాలు కనిపించేలా పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చెప్పిన తేదీ దాటి వచ్చిన వస్తువును వెనక్కి తీసుకోవడానికి అమ్మినవాళ్లు నిరాకరించకూడదని కూడా అందులో ఉంది, వరదల వంటి చేయి దాటిన కారణాలుంటే తప్ప. ఈ చివరి నిబంధన గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువమంది. పెళ్లికి తెప్పించిన చీర పెళ్లయిన నాలుగు రోజులకు వస్తే, వచ్చిందే చాలనుకుని బీరువాలో పెట్టేసుకుంటాం. అలా పెట్టుకోనవసరం లేదు.

ఫోన్‌లో చెప్పినది గాలిలో కలిసిపోతుంది, ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి. ఇస్తామన్న తేదీ కనిపించే పేజీని ఆర్డరు పెట్టిన రోజే ఫొటో తీసి ఉంచుకోవాలి, ఎందుకంటే ఆలస్యమయ్యేకొద్దీ ఆ పేజీలోని తేదీ తనంతట తాను ముందుకు జరుగుతుంది. ఫలానా రోజు ఫలానా వరుస కనిపించింది, ఫోన్ చేస్తే ఇలా చెప్పారు అని ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే ఎవరికి ఫిర్యాదు చేసినా అదే అసలు ఆధారం అవుతుంది. సంస్థ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు, వివాదం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. పంపినవాళ్లు పొరుగు రాష్ట్రంలో ఉన్నారని అక్కడికి పరుగెత్తవలసిన పని 2019 చట్టంతో పోయింది.

మరొక విషయం చెప్పకుండా వదిలేయలేను. మేము ఎదురుచూస్తున్న ఆ రోజుల్లోనే నా ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది. మీ పార్సిల్ గోదాముకు చేరింది, చిరునామా అసంపూర్ణంగా ఉంది, 48 గంటల్లో ఈ లింకు నొక్కి సరిచేయకపోతే వెనక్కి పంపేస్తాము అని. నా పార్సిల్ నిజంగానే రాలేదు, నా చిరునామాలో నిజంగానే తప్పుంది, కాబట్టి వేలు ఆ లింకు దాకా వెళ్లింది. సందేశంలో ట్రాకింగ్ నంబరు లేకపోవడం ఒక్కటే నన్ను ఆపింది. తపాలా శాఖ పేరుతో తిరిగే ఇటువంటి సందేశాలు మోసపూరితమైనవని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీలోని ఫ్యాక్ట్ చెక్ విభాగం ప్రజలను హెచ్చరించింది. ఆ లింకు తెరిస్తే చిరునామాతో మొదలై, చిన్న రుసుము కట్టమని కార్డు వివరాల దాకా వెళుతుంది. లక్షమందికి పంపితే అందులో కొన్ని వేలమంది ఏదో ఒక పార్సిల్ కోసం ఎదురుచూస్తూనే ఉంటారు, మోసగాళ్ల ధైర్యం అదే. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బును ఆపడం కష్టమవుతుంది. అలాగే పెట్టె చేతిలో పడకముందే ఓటీపీ చెప్పవద్దు. చెప్పిన మరుక్షణం అది "అందింది" అని నమోదవుతుంది, ఆ తర్వాత అందలేదని నిరూపించవలసిన భారం మన మీద పడుతుంది.

ఇప్పుడు నేను చిరునామా రాసే పద్ధతి మార్చుకున్నాను. ముందు పిన్ కోడ్ రాసి, తర్వాత పేరు రాస్తాను. ఫారంలో చోటు ఉంటే ఊరి పేరు పక్కన "తణుకు దగ్గర" అని తప్పక చేరుస్తాను. "రామాలయం ఎదురు సందు" అన్నది మనకు స్పష్టంగా ఉంటుంది గాని ప్రతి ఊళ్లోనూ రామాలయం ఉంది, ఎదురుగా సందు ఉంది. తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ అనే పదక్షరాల గుర్తు సుమారు నాలుగు మీటర్ల చదరపు గడిని చూపిస్తుంది. దాన్ని రూపొందించడంలో ఐఐటీ హైదరాబాద్, అదే ఊళ్లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పాలుపంచుకున్నాయి. మా ఇంటి గుమ్మానిది కనుక్కుని గోడ మీద క్యాలెండర్ పక్కన రాసి పెట్టాను. కొరియర్లన్నీ దాన్ని అడిగే రోజు ఎప్పుడొస్తుందో గాని, అంతవరకు ఆరంకెలనూ పైకి చదివి, అవతలివాళ్ల చేత తిరిగి చదివించుకుంటున్నాను.

సంక్రాంతి తర్వాత ఆ యంత్రం మళ్లీ మొరాయించింది. ఈసారి సర్వీస్ సెంటర్‌వాళ్లకు ఫోన్ చేసి, కొరియర్ వద్దు, ఆర్టీసీ కార్గోలో వేయండి అని కోరాను. సాయంత్రం హైదరాబాద్‌లో బస్సెక్కిన పెట్టె పొద్దున్నే తణుకు బస్టాండులో దిగింది. రసీదు నంబరు చెప్పి నేనే తీసుకున్నాను. ఎనిమిదిన్నరకు ఇంటికి వచ్చేసరికి నాన్నగారు వరండాలోనే ఉన్నారు. పలక ఇంకా బయటకు తీయలేదు.